మించాలపాడు తూటాల లెక్క ఏ రికార్డు రూములో ఉంది?

కన్నెగంటి హనుమంతు మీద పోలీసులు పేల్చిన తూటాలెన్ని?

పల్నాడులో ఎవర్నడిగినా ఒక అంకె చెబుతారు. పక్క ఊళ్లో అడిగితే ఇంకో అంకె చెబుతారు. పుస్తకానికో లెక్క, పాటకో లెక్క, వర్ధంతి సభలో మైకు పట్టుకున్న నాయకుడికో లెక్క. ఇందులో జనాన్ని తప్పు పట్టేదేమీ లేదు. లెక్క రాసుకున్నది జనం కాదు, సర్కారు. సాయుధ పోలీసు బయటికి కదిలేటప్పుడు తూటాలు లెక్కపెట్టి ఇస్తారు. తిరిగొచ్చాక మిగిలినవి లెక్కపెట్టి తీసుకుంటారు. తగ్గినవాటికి సంజాయిషీ రాయిస్తారు. కాల్పులు జరిగితే పైకి రిపోర్టు పోతుంది, పైనుంచి ప్రశ్నలు దిగుతాయి, వాటికి జవాబులు పోతాయి. మనిషి ప్రాణానికి లెక్క లేకపోయినా తూటాకు లెక్క ఉండే వ్యవస్థ అది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో ఏం జరిగిందో చెప్పే కాయితం అసలు పుట్టలేదంటే మేం నమ్మం.

మరి ఆ కాయితం ఏది?

ఇది మేం ఒక్క హనుమంతు కోసం అడగడం లేదు. పల్నాటి మనిషిని రెండు వందల ఏళ్లుగా పట్టుకున్న, కొట్టిన, కాల్చిన, వేలిముద్ర తీసుకున్న, జైల్లో వేసిన, ఒక్కోసారి కాపాడిన యంత్రాంగం ఒకటుంది. అది రాసుకున్న రాతలన్నీ ఎక్కడున్నాయి? ఎవరి చేతిలో ఉన్నాయి? ఇంకెన్నాళ్లు ఉంటాయి?

సర్కారు నిఘంటువులో 'పోలీసు వారసత్వం' అంటే వేరే అర్థం ఉంది. అద్దాల పెట్టెలో పాత టోపీ, గోడకు తగిలించిన మస్కెట్టు, వరసగా దొరల ఫొటోలు. ఢిల్లీలో 2018 అక్టోబరు 21న జాతీయ పోలీసు స్మారకం, మ్యూజియం ప్రారంభించారు. చెన్నై ఎగ్మూరులో పాత కమిషనర్ కార్యాలయాన్ని 2021లో పోలీసు మ్యూజియం చేశారు. చేసుకోనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. కానిస్టేబులు కూడా మన ఇంటి బిడ్డే. 2005 మార్చిలో చిలకలూరిపేట పోలీస్ స్టేషన్ మీద మావోయిస్టుల దాడిలో చనిపోయిన పోలీసుల ఇళ్లలో ఏడ్చింది కూడా తల్లులూ పెళ్లాలే. వాళ్ల ఫొటోలకు దండ వేయాల్సిందే. కానీ టోపీని ఏ ప్రశ్న అడుగుతాం? ప్రశ్న అడగాల్సింది స్టేషన్ జనరల్ డైరీని, ఎఫ్‌ఐఆర్ పుస్తకాన్ని, శవపంచాయితీ కాయితాన్ని, తూటాల రిజిస్టరును. మ్యూజియం వాళ్లు టోపీలు దాస్తారు. డైరీల గతి ఏమిటని ఎవరూ అడగరు.

మించాలపాడు దగ్గరికే వద్దాం. 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారు అడవికి గీత గీసింది. గీతకు అవతల గొడ్డు మేస్తే పుల్లరి కట్టాలంది. తాతల నాటి నుంచీ గొడ్లు మేసిన అడివి ఒక్క చట్టంతో పరాయిదైపోయింది. వానలు తప్పితే గడ్డికి అడవే దిక్కైన మెట్ట సీమ ఇది. పుల్లరి కట్టాలి, కట్టకపోతే గొడ్లు బందెలదొడ్డికి పోతాయి, విడిపించుకోవాలంటే మళ్లీ డబ్బు. మధ్యలో ఫారెస్టు వాడికి మామూలు. 1921లో పల్నాడు లేచింది. అధికారులకు నీళ్లు పోయలేదు, నిప్పు ఇవ్వలేదు, చాకలి, మంగలి పనులు బందు. ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేశారు. ఆయన జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశాడు. సర్కారు ఆ పుస్తకాన్ని కూడా వదల్లేదు, నిషేధించింది. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్. రెండేళ్ల తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజును వేటాడటానికి సర్కారు ఏరికోరి పంపింది కూడా ఈ దొరనే.

1922 ఫిబ్రవరిలో గొడ్లను తోలుకుపోవడానికి పోలీసులు మించాలపాడు వచ్చారు. జనం మా మీదికి వచ్చారు, కాల్చాం అన్నది సర్కారు మాట. గాయాలతో పడిపోయిన మనిషికి గుక్కెడు నీళ్లు కూడా పొయ్యనివ్వలేదన్నది ఊరి మాట. ఊరి మాట నూరేళ్లుగా ఊరి దగ్గర ఉంది. సర్కారు మాటలో బయటికి వచ్చింది ప్రకటన మాత్రమే. ప్రకటన వెనక ఫైలుంటుంది. కాల్పులకు ఆర్డరిచ్చింది ఎవరు? హెచ్చరిక చేశారా? గాయపడ్డవాళ్లను ఆస్పత్రికి ఎప్పుడు మోశారు, అసలు మోశారా? శవపంచాయితీలో సంతకాలు పెట్టిన పంచులు ఎవరు? ఇవన్నీ సర్కారు తన కోసం తాను రాసుకునే సంగతులు. అబద్ధం రాసినా సరే, ఆ అబద్ధం ఏమిటో మాకు కావాలి. అబద్ధపు కాయితాల్లోనూ తారీఖులు, దూరాలు, పేర్లు, వేళలు ఉంటాయి. రెండు అబద్ధాలు పక్కపక్కన పెడితే ఒక్కోసారి నిజం తన్నుకుని బయటికొస్తుంది.

ఇది మా ఊహ కాదు. 1960ల్లో మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో ఆంధ్రలో స్వాతంత్ర్య పోరాటం మీద సంపుటాలు వచ్చాయి. వాటికి ముడిసరుకు ఏమిటి? సర్కారు ఫైళ్లే. డేవిడ్ ఆర్నాల్డ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1859 నుంచి 1947 దాకా మద్రాసు పోలీసుల మీద 1986లో ఒక పుస్తకం అచ్చేశాడు. ఆయన చదివింది కూడా ఆ పోలీసుల రాతలే. లండన్ నుంచి వచ్చినవాడు మన పోలీసు చరిత్ర రాయగలిగాడు. మాచర్ల డిగ్రీ కాలేజీలో హిస్టరీ చదివే పిల్ల అదే పని చెయ్యాలంటే చెన్నై రైలెక్కాలి, అక్కడ గది చూసుకోవాలి, అనుమతి కాయితం చేతబట్టుకుని ఎగ్మూరులో క్యూ కట్టాలి. ఆ పిల్ల తండ్రి మిర్చి యార్డులో హమాలీ అయితే ఆ చరిత్ర రాయబడదు. అంతే.

పల్నాడు కాయితాల ప్రయాణం చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. 1801లో ఆర్కాటు నవాబు నుంచి పల్నాడు కుంపిణీ చేతికొచ్చింది. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసినప్పుడు పల్నాడు కృష్ణా జిల్లాలో కలిసింది. అంటే కలెక్టరు కచ్చేరీ బందరులో. 1904లో మళ్లీ గుంటూరు జిల్లా పుట్టింది. ఇంతకాలం పై సర్కారు మద్రాసులో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1956లో అన్నీ హైదరాబాదు. 2014లో రాష్ట్రం రెండైతే అమరావతి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, ఎస్పీ ఆఫీసు నరసరావుపేటకు వచ్చింది. బందరు, గుంటూరు, మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి, నరసరావుపేట. సంసారం ఇన్నిసార్లు ఇల్లు మారితే పెళ్లినాటి ఫొటో కూడా మిగలదు!

ఇక్కడ మన పాఠకులను ఒక మాట అడగాలి. రాష్ట్రం విడిపోయినప్పుడు మనం దేనికి లెక్క అడగలేదు? నీళ్లకు లెక్క వేశాం. అప్పులకు 58, 42 అని నిష్పత్తి కట్టాం. ఉద్యోగుల పంపకానికి కమలనాథన్ కమిటీ కూర్చుంది. భవనాలకు, బస్సులకు, భూములకు పంచాయితీలు పెట్టుకున్నాం. కాయితాల కోసం ఎవరు ధర్నా చేశారు? తార్నాక ఆర్కైవ్స్ ఇప్పుడు తెలంగాణ ఆర్కైవ్స్. అది అక్కడుండటం న్యాయమే. నిజాం ఫర్మానాలు హైదరాబాదులో కాక ఎక్కడుంటాయి! కానీ ఆరు దశాబ్దాలు ఒకే సచివాలయం నడిచింది. ఆ కాలం కాయితాల్లో గిరాయిపల్లి ఉంటుంది, గుత్తికొండ ఉంటుంది. హోంశాఖ ఫైలుకు కృష్ణా నది సరిహద్దు తెలీదు. మన చరిత్రను ఎవరో దాచారని ఇన్నేళ్లు మాట్లాడిన మనం అవతలివాడి చరిత్రకు నకలు ఇవ్వడానికి వెనకాడితే ఎట్లా? ఇటువాళ్లకు అటు నకళ్లు, అటువాళ్లకు ఇటు నకళ్లు. స్కానర్ యంత్రం ఉన్న కాలంలో దీనికి ట్రిబ్యునల్ అక్కర్లేదు.

ఇంకా వెనక్కి పోతే పోలీసు కాయితం ఊళ్లోనే పుట్టింది. 1816 రెగ్యులేషన్‌తో గ్రామ మునసబుకు పోలీసు అధికారం ఇచ్చారు. ఊళ్లో దొంగతనం జరిగినా, బావిలో శవం తేలినా తలారి చెప్పాలి, మునసబు రాయాలి. ఆ పేద్ద పెట్టెలు కరణాల, మునసబుల ఇళ్లలో ఉండేవి. 1984 జనవరిలో ఎన్టీఆర్ సర్కారు గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. మంచి పనే, పీడ వదిలింది. అయితే పెట్టెల్లో ఉన్నది ఎంత స్వాధీనమైంది, ఎంత అటకెక్కింది, ఎంత పొట్లాలు కట్టే కాయితమైంది అన్న లెక్క ఎవరూ అడగలేదు.

కాయితం మిగిలితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఆ కాలంలోనే ఉంది. మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం రైతుల వేళ్లను చెక్కల మధ్య పెట్టి బిగించడం, మెడకూ కాళ్లకూ తాడు కట్టి ఎండలో వంచి నిలబెట్టడం. 1,959 ఫిర్యాదులు వచ్చాయి. దొరలే విచారించి, దొరలే అచ్చేసిన నివేదిక అది. దాన్ని చదివి 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో వ్యాసం రాశాడు. ఐదేళ్లు తిరక్కుండానే 1859లో శిస్తు వసూలు నుంచి పోలీసును విడదీస్తూ మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. చదువురాని రైతు చెప్పుకున్న గోడు కాయితం మీద పడింది కాబట్టే మద్రాసు దాటి, సముద్రం దాటి పోయింది. ఆ నివేదిక గోదాములో చెదలు తిని ఉంటే మార్క్స్‌కు దాని ఊసు తెలిసేదా?

ఇప్పుడు అన్నిటికన్నా నొప్పి పుట్టే రిజిస్టర్ల సంగతి. నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలైంది, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలను, సుగాలీలను, ఇంకెన్నో జాతులను పుట్టుకతోనే దొంగలని రాశారు. పదివేళ్ల ముద్రలు తీసుకున్నారు. రాత్రి 11 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 3 గంటలకు మరోసారి హాజరు వేయించుకోమన్నారు. ఊరు కదలాలంటే పాసు. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి సీతానగరం, స్టూవర్టుపురం సెటిల్‌మెంట్లు పెట్టారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికిన జనానికి రైలొచ్చి, రోడ్డొచ్చి బతుకు పోయింది. బతుకు పోయినవాడికి పని చూపించాల్సిన సర్కారు వాడి పేరు దొంగల పుస్తకంలో రాసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది, పేరు పోలేదు. ఇప్పటికీ స్టూవర్టుపురం అనగానే సినిమా వాడికి దొంగ గుర్తొస్తాడు.

ఆ రిజిస్టర్లను ఏం చెయ్యాలి? తగలబెట్టండి, అవి మా తాతల అవమానం అని ఒక ఎరుకల యువకుడు అంటే మేం ఎదురు చెప్పలేం. ఆ కోపానికి హక్కుంది. కానీ ఇంకో సంగతీ ఉంది. విముక్త జాతులమని రుజువు చూపమని ఆఫీసుల చుట్టూ తిప్పుతున్న దేశమిది. తాత పేరు, ఊరు, వయసు, కుటుంబం రాసి ఉన్న కాయితం ఆ జాతుల్లో ఎంతమందికి ఉంది? వాళ్ల పేరు మీద భూమి పట్టా లేదు, బడి రిజిస్టరు లేదు, పెళ్లి శుభలేఖ లేదు. తాత ఈ లోకంలో బతికాడని సర్కారు రాసిన ఒకే ఒక్క కాయితం అతన్ని దొంగ అన్న కాయితం. కాబట్టి ఆ పుస్తకాలను కాల్చేదీ దాచేదీ నిర్ణయించాల్సింది ఎస్పీ కాదు, ఆర్కైవ్స్ డైరెక్టరు కాదు. ముందు ఆ కుటుంబాలకు చూపించండి. మనవడికి నకలు ఇవ్వండి. ఊరందరికీ తెరవాలో వద్దో వాళ్లను అడగండి. వేలిముద్ర తీసుకునేటప్పుడు అడగలేదు, కనీసం ఇప్పుడైనా అడగండి.

ఆ చట్టం చచ్చినా దాని అలవాటు స్టేషన్లో బతికే ఉంది. దాని పేరు రౌడీ షీటు. పల్నాడు అంటే నాటుబాంబు, పల్నాడు అంటే వేటకొడవలి అని బయట ప్రపంచానికి నూరిపోశారు. ఫ్యాక్షన్ గడ్డ అని ముద్ర వేశారు. ఏ ఊళ్లో ఎన్ని వర్గాలు, ఏ తిరునాళ్లలో గొడవ జరుగుతుంది, ఎవడి వెనక ఎవడున్నాడు అని ప్రతి స్టేషన్ గ్రామాలవారీగా రాసి పెట్టుకుంటుంది. యాభై ఏళ్ల నాటి ఆ రాతలు బయటపడితే తేలిపోతుంది: కొట్టుకున్న కూలీల మీద ఎన్ని షీట్లు, కొట్టుకోమన్న పెద్దమనుషుల మీద ఎన్ని. రౌడీ షీట్లకు చట్టం అండ లేదని 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి తీర్పిస్తే పోలీసులు వెంటనే అప్పీలుకు పోయారు. బతికున్నవాడి షీటును కాపాడుకోవడానికి అంత ఆత్రం! చచ్చినవాడి ఫైలును కాపాడమంటే మాత్రం జాగా లేదు, సిబ్బంది లేరు.

2024 మే 13 పోలింగు రోజు గుర్తుంది కదా. రెంటచింతల మండలం పాల్వాయి గేటు బూతులో ఈవీఎంను నేలకేసి కొట్టారు. అది లోకానికి ఎప్పుడు తెలిసింది? వారం దాటాక, వెబ్‌కాస్టింగ్ వీడియో బయటికొచ్చినప్పుడు. వీడియో లేకపోతే ఆ సంఘటన కూడా నీదో మాట, నాదో మాటగా మిగిలేది. కెమెరా లేని కాలంలో ఎఫ్‌ఐఆరే కెమెరా. అది ఎంత వంకరగా తీసినా ఒక బొమ్మ మిగులుతుంది.

కోర్టు కట్టల సంగతీ అంతే. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు తగలబెట్టిన కేసులో 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి వేశారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. పాత గుంటూరు జిల్లాలోనే అటు తెనాలి వైపు చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది, కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఒక కేసులో దళితులు ముద్దాయిలు, ఇంకో కేసులో దళితులు శవాలు. ఈ రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుని చదివే రోజు ఒకటి రావాలి. ఎవరి సాక్ష్యం నిలిచింది, ఎవరి సాక్ష్యం చెల్లలేదు అని మన లా కాలేజీల పిల్లలు మాటమాటా విప్పి చూడాలి. అప్పటిదాకా ఆ కట్టలు ఉంటాయా?

ఇక ఎన్‌కౌంటర్లు. 1969లో చారు మజుందార్ వచ్చి మీటింగు పెట్టిన గుత్తికొండ బిలం మన పిడుగురాళ్ల పక్కనే. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు నల్లమల అంచు పల్లెలకు 'ఎదురుకాల్పులు' అనే మాట కొత్త కాదు. ఎమర్జెన్సీలో జరిగిన గిరాయిపల్లి హత్యల మీద 1977లో తార్కుండే కమిటీ సొంతంగా విచారిస్తే, సర్కారు వేసిన భార్గవ కమిషన్ బహిరంగ విచారణ దగ్గరే చతికిలపడింది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది తర్వాత తేల్చుకోవాల్సిందే అని 2009 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల హైకోర్టు బెంచి చెప్పింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 2014లో తానే మార్గదర్శకాలు రాసింది. ఇవన్నీ జరగబోయే వాటికి. జరిగిపోయిన వాటి సంగతి? కొడుకు శవం మీద ఎన్ని గాయాలున్నాయో తల్లి కళ్లారా చూసింది. ఎన్ని గజాల దూరం నుంచి కాల్చారో పోస్టుమార్టం కాయితం చెబుతుంది. ఆ కాయితానికి ఆయుష్షు ఎంత?

ఇక్కడ చట్టం మన పక్కనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 8, మూడో ఉపసెక్షన్. ఇరవై ఏళ్లు దాటిన సంఘటన తాలూకు సమాచారాన్ని దేశ భద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ కాయితాలు తప్ప ఇంకే సాకుతోనూ ఆపడానికి వీల్లేదు. అంటే 1990ల నాటి ఎదురుకాల్పులన్నీ ఈ గడువు దాటేశాయి. ఇన్నేళ్లు విచారణకు అడ్డం వస్తుందని ఇవ్వలేదు. ఇప్పుడా మాట చెల్లదు. అందుకే కొత్త జవాబు తయారుగా ఉంది: 'రికార్డు గడువు తీరినందున నాశనం చేయబడింది.'

అసలు మోసం ఇక్కడుంది. ఒక చట్టం ఇరవై ఏళ్లు ఆగు, ఇస్తానంటుంది. ఇంకో నిబంధన అంతకుముందే తగలబెట్టుకోమంటుంది. రికార్డుల విధ్వంసానికి 1917 నాటి చట్టం ఉంది. కాపాడటానికి 1993లో వచ్చిన పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు, కేంద్రపాలిత ప్రాంతాలకు తప్ప రాష్ట్రాల పోలీసు స్టేషన్లకు వర్తించదు. తగలబెట్టడానికి నూరేళ్ల చట్టం, దాచడానికి దిక్కులేదు. 2021 నుంచి ప్రతి అక్టోబరులో కేంద్ర సర్కారు ఆఫీసులు శుభ్రం చేస్తూ పాత ఫైళ్లు, తుక్కు అమ్మి ఎన్ని కోట్లొచ్చాయో గొప్పగా ప్రకటిస్తోంది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు తగలబడితే హెలికాప్టర్లో డీజీపీ దిగారు. మంచిదే. నిబంధన ప్రకారం తగలబడే ఫైళ్ల కోసం హోంగార్డు కూడా రాడు. అదే జులై 1 నుంచి 1860 నాటి శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది. కొత్త చట్టం, కొత్త ఫారాలు, అంతా కంప్యూటర్. పాత బీరువాకు ఇక స్టేషన్లో ఏం పని? ఇన్నాళ్లూ బద్ధకం కాపాడిన కాయితాలను ఇప్పుడు ఈ ఉత్సాహం మింగేస్తుందని మా భయం.

వేరే దేశాల్లో ఏం జరిగిందో చూడండి. తూర్పు జర్మనీలో 1990 జనవరి 15న జనం రహస్య పోలీసుల ప్రధాన కార్యాలయంలోకి చొరబడి ఫైళ్ల విధ్వంసాన్ని ఆపారు. మరుసటి ఏడాది చట్టం తెచ్చుకుని ఎవరి ఫైలు వాళ్లు చదువుకున్నారు. గ్వాటెమాలాలో 2005 జులైలో ఒక పాత పోలీసు గోదాములో దాదాపు 8 కోట్ల పేజీలు దొరికాయి. ఎలుకలు, గబ్బిలాలు, తడి. వాటిని ఒక్కొక్కటే తుడిచి ఆరబెట్టారు. 1984లో మాయమైన ఒక విద్యార్థి, కార్మిక నాయకుడి కేసులో ఆ కాయితాలే సాక్ష్యమై 2010లో ఇద్దరు పోలీసులకు 40 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. ఇరవై ఆరేళ్ల తర్వాత!

మనకు దాచుకోవడం చేతకాదా? కారంపూడి వెళ్లండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పల్నాటి యుద్ధాన్ని వీరవిద్యావంతులు నోటితో దాచారు. కార్తీక అమావాస్యకు రాచగావుతో మొదలుపెట్టి రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు దాకా ఐదు రోజులు. ఆలరాజును ఎవరు చంపించారో, కోడిపందెంలో మోసం ఎవరిదో ఈ రోజుకీ వాదించుకుంటాం. ఆ కథను దాచింది రాజులు కాదు, పండితులు కాదు, మాలపల్లె గాయకులు. అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేసింది తర్వాత. అమెరికా నుంచి జీన్ రోగేర్ వచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రాసుకుని పుస్తకం తెచ్చింది 1982లో. జీతం లేదు, పెన్షన్ లేదు, రికార్డు రూము లేదు, వాళ్లు ఎనిమిది వందల ఏళ్లు మోశారు. జీతం, గది, బీరువా, తాళం అన్నీ ఉన్న సర్కారు నూరేళ్ల నాటి కాయితం చూపించలేకపోతోంది.

ఉద్యోగ మిత్రులారా, ఈ పేపరు మీ ఆఫీసులకూ వస్తుంది. రికార్డు అసిస్టెంట్లు, కోర్టు గుమాస్తాలు, స్టేషన్ రైటర్లు మీలో ఉన్నారు. నాశనం చేయాల్సిన రికార్డుల జాబితా మీ బల్ల మీదికే వస్తుంది, మీ చేతి మీదుగానే సంతకానికి పోతుంది. అందులో 1956కు ముందుది ఏది కనిపించినా, కాల్పులు, లాకప్ మరణం, శవపంచాయితీ, నేరస్థ జాతులు అన్న మాట ఏది కనిపించినా ఆ కట్ట పక్కన పెట్టండి. ఆర్కైవ్స్ వాళ్లు చూసేదాకా ఆపాలని నోటు రాయండి. ఫైలు మీద నోటు రాయడం మీ విధి, దానికి మెమో ఇచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు. నరసరావుపేట కొత్త జిల్లా కేంద్రం. ఇంకా కట్టాల్సిన ఆఫీసులున్నాయి. అందులో ఒక పొడి గది, నాలుగు ఇనుప ర్యాకులు, చదివే బల్ల, ఆర్కైవ్స్ చదువుకున్న ఒక మనిషి. ఇంతే అడుగుతున్నాం. విగ్రహానికయ్యే ఖర్చు కూడా కాదు.

విద్యార్థులకు వేరే పని ఉంది. సమాచార హక్కు కింద ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. అదే చట్టం సెక్షన్ 4 ప్రకారం రికార్డులకు పట్టిక తయారు చేసి పెట్టుకోవడం ఆఫీసు బాధ్యత. కాబట్టి మొదటి దరఖాస్తులో హనుమంతు పేరు రాయొద్దు. దుర్గి, మాచర్ల, వెల్దుర్తి, కారంపూడి, గురజాల, దాచేపల్లి, నరసరావుపేట, ఒక్కో స్టేషన్‌కు ఒక్కో దరఖాస్తు పెట్టండి. ప్రశ్నలు రెండే: మీ స్టేషన్లో ఉన్న అన్నిటికన్నా పాత రిజిస్టరు ఏ సంవత్సరానిది? ఇప్పటిదాకా నాశనం చేసిన రికార్డుల జాబితా, వాటికి అనుమతిచ్చిన ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి. ముప్పై రోజుల గడువు. వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ మాకు పంపండి. స్టేషన్ పేరుతో సహా వరసగా అచ్చేస్తాం.